రేటింగ్‌లో 500 పాయింట్లు పైనున్న ప్లేయర్‌తో చెస్ గేమ్: పాన్ (బంటు) ఎక్కువుండి కూడా డ్రా అడిగేశాను

నల్లగుర్రం:
టోర్నమెంట్ మొదటి రౌండ్‌లో నా 1540 రేటింగ్‌కి 2060 ఉన్న ఆయన పడ్డారు. స్విస్ పద్ధతి టోర్నమెంట్లో మొదటి రౌండ్ అంతే కదా, రేటింగ్‌లో పై సగానికీ కింది సగానికీ జత కడతారు. 31వ ఎత్తుకి రూక్ ఎండింగ్ (రాజులు, రూక్‌లు అంటే ఏనుగులు, పాన్లు మాత్రమే మిగిలిన చివరి దశ) వచ్చింది. నాకు ఒక పాన్ ఎక్కువ. నాకు 22 నిమిషాలున్నాయి, ఆయనకు 6. అయినా చేతులు వణికాయి. ఎత్తు వేసి, క్లాక్ నొక్కే ముందు డ్రా అడిగేశాను. వెంటనే చెయ్యి కలిపారు. రాత్రంతా నిద్ర పట్టలేదు. మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా?

కరీంనగర్64:
ఎక్కువున్న పాన్ ఎక్కడ? పాన్లన్నీ బోర్డుకి ఒకే వైపు ఉండి, నాలుగుకి మూడు అయితే మామూలుగా డ్రానే. బాధపడక్కర్లేదు.

నల్లగుర్రం:
ఎ ఫైల్‌లో (బోర్డు అంచున ఉన్న నిలువు వరుస) పాస్డ్ పాన్, అంటే దారిలో అడ్డుకునే అవతలి పాన్లు లేనిది. కానీ నా రూక్ దాని ముందు ఇరుక్కుంది, ఆయన రూక్ వెనక నుంచి పట్టుకుంది.

కరీంనగర్64:
అయితే గెలుపు తేలిక కాదు. కానీ ఓడే భయమూ పెద్దగా లేదు కదండీ. డ్రా అడగాల్సింది ఆయన. ఇంకో 20 ఎత్తులు ఆడించాల్సింది.

బాబు_వాళ్ళమ్మ:
మా వాడికి తొమ్మిదేళ్లు. పేరింగ్ షీట్ (ఎవరికి ఎవరు పడ్డారో ఉండే జాబితా) నేనే చూసి బోర్డు నంబర్, రంగు మాత్రమే చెబుతాను. అవతలి రేటింగ్ తెలిసిన రోజు వాడు 15 ఎత్తుల్లోనే కుంగిపోయేవాడు. 2024లో సింగపూర్ పిల్లాడు అశ్వత్ కౌశిక్ ఎనిమిదేళ్లకే స్విట్జర్లాండ్‌లో గ్రాండ్‌మాస్టర్ స్టోపాను ఓడించాడు. ఆ సంగతి మా వాడికి ఎన్నిసార్లు చెప్పానో.

పాతకాపు:
నాది 2100. అవతలి కుర్చీలోంచి చెబుతున్నాను: 1500 వాళ్లతో టెన్షన్ మాకే ఎక్కువ. కె (ఒక్కో గేమ్‌కి రేటింగ్ ఎంత మారాలో తేల్చే అంకె) 20 ఉన్నవాళ్లకి మీతో డ్రా అయితే 8, 9 పాయింట్లు పోతాయి, మీకు దాదాపు అంతే వస్తాయి. పొజిషన్ చెడినప్పుడు నేను కావాలనే నింపాదిగా కూర్చుంటాను. అది చూసి చాలామంది డ్రా అడిగేస్తారు. మా ముఖం చూడకండి, బోర్డు చూడండి. ఆరు నిమిషాలే ఉంటే ఎండింగ్‌లో ఎవరైనా తప్పులు చేస్తారు.

నల్లగుర్రం:
థాంక్సండీ. ఈ సాయంత్రం అదే పొజిషన్ పెట్టి తమ్ముడితో ఆడాను. రాజుని పాన్ దగ్గరికి నడిపిస్తే కింగ్ సైడ్‌లో (ఎ ఫైల్‌కి అవతలి వైపు) నా పాన్లు పోతున్నాయి. మూడుసార్లు ఆడితే రెండు డ్రా, ఒకటి గెలిచాను.