ల్యాబ్ లేని హైస్కూల్లో కెమిస్ట్రీ పిల్లల చేత చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ప్రకాశం_పీఎస్_టీచర్

అందరికీ నమస్కారం. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి ఈమధ్యే జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరాను. 8 నుంచి 10 వరకు ఫిజికల్ సైన్స్ నాదే. ల్యాబ్ అంటూ విడిగా గది లేదు. స్టాఫ్ రూమ్ మూలన ఒక బీరువా ఉంది. అందులో లేబుళ్లు ఊడిపోయిన సీసాలు, పగిలిన బ్యూరెట్లు, ఒక పాత త్రాసు, రెండు స్పిరిట్ దీపాలు ఉన్నాయి.

పిల్లలు చురుకైనవాళ్లే. "కార్బన్ డయాక్సైడ్ సున్నపు తేటను పాలవలె మారుస్తుంది" అని పదో తరగతిలో అందరూ తప్పులేకుండా రాస్తారు. సున్నపు తేటను కంటితో చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆ జవాబులు దిద్దుతుంటే మనసుకు చాలా కష్టంగా అనిపిస్తోంది.

వీడియోల్లో నురగ పొంగే ప్రయోగాలు, నిప్పులు చిమ్మే అగ్నిపర్వతాలు బోలెడు కనిపిస్తున్నాయి. అవి చేస్తే చప్పట్లు వస్తాయి, పాఠం వస్తుందా? ఖర్చు తక్కువగా ఉండి, పిల్లలే తమ చేతులతో చేసుకోగలిగి, సిలబస్‌కు పనికొచ్చేవి ఏమున్నాయో చెప్పగలరా? ముందు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే నాకు తేలడం లేదు.


జవాబు: పల్నాడు_మాస్టారు

టీచర్ గారూ, సున్నంతోనే మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. రోజుకో కొత్త ప్రయోగం చూపించడం కంటే ఒక్క పదార్థాన్ని ఏడాది పొడవునా పిల్లల చేతుల్లో ఉంచడం మేలు. కొత్త వస్తువు చూస్తే పిల్లలకు ఆశ్చర్యం కలుగుతుంది. ఎరిగిన వస్తువు కొత్తగా ప్రవర్తిస్తే ప్రశ్న పుడుతుంది. మనకు కావలసింది ఆ ప్రశ్నే.

మాది పిడుగురాళ్ల దగ్గర ఊరు, సున్నపు బట్టీల ప్రాంతం. మా బడిలో చాలామంది పిల్లల అమ్మానాన్నలు బట్టీల్లో పనిచేసేవాళ్లే. బట్టీలో వేసిన రాయి బరువుకు, కాలి బయటికొచ్చిన సున్నం బరువుకు పొంతన ఉండదని ఆ పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. మిగతా బరువు ఎక్కడికి పోయిందన్నదే పాఠం. కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16 అని బోర్డు మీద రాసి లెక్క వాళ్లకే వదిలేస్తాను. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల పొడి సున్నం (కాల్షియం ఆక్సైడ్) మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. ఈ లెక్క చేసిన పిల్లవాడికి పరమాణు ద్రవ్యరాశి ఎందుకో మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. మీ ఊళ్లో బట్టీ లేకపోయినా కిళ్లీ కొట్టు ఉంటుంది కదా, అక్కడి సున్నం చాలు.

సున్నపు తేట పిల్లలే తయారు చేయాలి. లీటరు నీళ్ల సీసాలో రెండు చెంచాల సున్నం వేసి బాగా కలిపి, మూత బిగించి రాత్రంతా కదపకుండా ఉంచి, మర్నాడు పైన తేరిన నీటిని మెల్లగా వేరే సీసాలోకి వంచుకోవాలి. అడుగున ఇంకా అంత సున్నం మిగిలిందేమిటని తప్పకుండా అడుగుతారు. మామూలు గది వేడిలో లీటరు నీటిలో కరిగేది గ్రామున్నర చిల్లర మాత్రమే. సంతృప్త ద్రావణం అన్న మాట ఆ సీసా అడుగు చూపించి చెప్పండి.

తర్వాత స్ట్రాతో ఊదించమని పుస్తకంలో ఉంటుంది. నేను ఊదించను, పొరపాటున పీలిస్తే నోట్లోకి పోతుంది. రెండు ఖాళీ సీసాలు తీసుకోండి. ఒక దానిలో గది గాలి అలాగే ఉండనివ్వండి, రెండో దానిలోకి పిల్లవాడు నిండుగా ఊపిరి వదలాలి. రెండింటిలోనూ రెండేసి చెంచాల తేట పోసి మూత పెట్టి కుదపాలి. రెండోది తెల్లబడుతుంది, మొదటిది దాదాపు అలాగే ఉంటుంది. ఆ మొదటి సీసాను దయచేసి వదిలేయకండి. అది లేకపోతే తెల్లబడింది ఊపిరి వల్లనా, కుదపడం వల్లనా అన్నది తేలదు.

మిగిలిన తేటను గిన్నెలో మూత లేకుండా ఒక రోజు వదిలేస్తే పైన పల్చటి తెల్లని పొర కడుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉందని పిల్లలు చదువుకునే ఉంటారు, ఆ పొరను చీపురుపుల్లతో పక్కకు లాగి చూసినప్పుడు నమ్ముతారు. గోడకు కొట్టిన వెల్ల రెండు మూడు రోజులకు గట్టిపడి మెరవడమూ ఇదే చర్య.

ఇక పసుపు. పసుపు నీళ్లలో తెల్లకాగితం ముంచి నీడలో ఆరబెట్టి ముక్కలు చేయించండి. సున్నపు నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి ఇదేనని ఆడపిల్లలు మీకంటే ముందే చెప్పేస్తారు. ఆ ఎర్రటి మచ్చ మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు. తటస్థీకరణం అయిపోయింది, సమీకరణం తర్వాత రాసుకోవచ్చు. ఆ కాగితాన్నే వంట సోడా నీళ్లలో ముంచండి, అంతగా ఎర్రబడదు. చాకలి సోడాకు బాగా ఎర్రబడుతుంది. "రెండూ క్షార స్వభావమే కదా సార్, ఈ తేడా ఏంటి" అని అడిగిన రోజు పీహెచ్ (ఆమ్ల, క్షార బలాన్ని చెప్పే కొలత) పాఠం మొదలుపెట్టండి, అంతకు ముందు వద్దు. పక్కనే మందార రసం కూడా పెడితే బాగుంటుంది. ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సుద్దముక్క. సుద్ద అంటే కాల్షియం కార్బొనేట్ అని, ఆమ్లం వేస్తే బుడగలు వస్తాయని పిల్లలు చదివి ఉంటారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇచ్చిన రోజు పెంకులు దాచి, ఒక గ్లాసులో పెంకు ముక్కలు, ఇంకో గ్లాసులో బోర్డు మీద రాసే సుద్దముక్క వేసి రెండిటి మీదా వెనిగర్ పోయించండి. పెంకు కాల్షియం కార్బొనేటే కాబట్టి బుసబుసమంటుంది. చాలా బ్రాండ్ల సుద్ద చడీచప్పుడు చేయదు, ఎందుకంటే ఇప్పుడు ఎక్కువగా జిప్సంతో, అంటే కాల్షియం సల్ఫేటుతో చేస్తున్నారు. పుస్తకం ఒకటి చెబుతుంటే గ్లాసు ఇంకొకటి చూపిస్తుంది. ఆ పీరియడ్‌లో మా క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా వాదించారు. తర్వాత ఎవరింటి ముగ్గు పిండి వాళ్లు పొట్లం కట్టుకొచ్చారు. కొన్ని పొంగాయి, కొన్ని పొంగలేదు. ముగ్గుపిండి పేరుతో రకరకాల రాళ్ల పొడి అమ్ముతారని తేల్చింది పిల్లలే.

ఒక్క నియమం మాత్రం నేనెప్పుడూ వదలను. చేసే ముందు ప్రతి పిల్లవాడూ ఏమవుతుందనుకుంటున్నాడో ఒక వాక్యం రాయాలి, పెన్నుతో. ఆ వాక్యం లేకపోతే ప్రయోగం చూస్తారు, మర్చిపోతారు.

జాగ్రత్త విషయం నొక్కి చెబుతున్నాను. సున్నం కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. కిళ్లీ కొట్టు సున్నం చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో వస్తుంది, పిల్లలు నొక్కి ఆడితే పగిలి కంట్లోకి చిమ్ముతుంది. ఆ ప్యాకెట్లు వాళ్ల చేతికి ఇవ్వకండి, మీరే డబ్బాలోకి తీసి పెట్టండి. పొడి సున్నంలో నీళ్లు పోసి వేడి చూపించేది టీచరే, చిటికెడుతో, స్టీలు గిన్నెలో, పిల్లలు దూరంగా ఉండగా. ఖర్మ కొద్దీ కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా మంచినీళ్లతో కడుగుతూనే ఉండి, వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.


జవాబు: బత్తాయి_రైతు_నల్గొండ

నేను టీచర్‌ను కాదు, పదో తరగతి పిల్లవాడి తండ్రిని. సున్నం మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. తెగుళ్లకు మేం బోర్డో మిశ్రమం కొడతాం. 1 శాతం మందుకు కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. రెండూ వేర్వేరుగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కలిపి తర్వాత ఒక్కటి చేస్తాం, ఇనుప బకెట్ వాడం. అయ్యాక తోమిన ఇనుప కత్తి కాసేపు ముంచి తీస్తాం. కత్తికి ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదని లెక్క, ఇంకొంచెం సున్నపు నీళ్లు పోస్తాం. అలాగే కొడితే ఆకులు మాడతాయి.

మావాడు పుస్తకంలో ఇనుప మేకు, కాపర్ సల్ఫేట్ బొమ్మ చూసి "నాన్నా, ఇది మన కత్తే కదా" అన్నాడు. బడిలో అడిగితే మా తోట దగ్గర చూపించడానికి నేను సిద్ధం. మీ ఊళ్లో కూడా రైతులను అడగండి, ఎవరూ కాదనరు. మైలుతుత్తం విషం, పిల్లలు చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు.


జవాబు: కెమిస్ట్రీ_లెక్చరర్

పల్నాడు మాస్టారు చెప్పిన దారి నాకు చాలా నచ్చింది. రెండు మూడు విషయాలు కలుపుతాను.

తెల్లబడిన తేటలోకి కార్బన్ డయాక్సైడ్ ఇంకా పంపితే మళ్లీ తేటపడుతుంది, కాల్షియం బైకార్బొనేట్ ఏర్పడుతుంది. వెనిగర్, వంట సోడా కలిపిన సీసా నుంచి సెలైన్ పైపుతో పంపండి. తేటలో సగం నీళ్లు కలిపి పెట్టుకుంటే త్వరగా అవుతుంది. దాన్ని వేడి చేస్తే తెల్లటి కాల్షియం కార్బొనేట్ తిరిగి వస్తుంది. బోరు నీళ్లు కాచే గిన్నెలో కట్టే పొర ఇదే. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. సున్నం వేడి నీటిలో కంటే చన్నీటిలోనే ఎక్కువ కరుగుతుంది, కాబట్టి చిక్కటి సున్నపు తేటను ఊరికే వేడి చేసినా కాస్త మసకబారుతుంది. అందుకే మామూలు తేటను కూడా పక్కన వేడి చేసి, రెండిటిలోనూ నిమ్మరసం వేయించండి. ఏది బుడగలతో కరుగుతుందో, ఏది బుడగల్లేకుండా కరుగుతుందో పిల్లలే చెబుతారు.

ద్రవ్యనిత్యత్వ నియమానికి, అంటే చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదని చూపడానికి, వెనిగర్, వంట సోడా కలిపే సీసా మూతికి బెలూన్ తగిలించి తూకం వేస్తారు చాలామంది. బెలూన్ ఉబ్బితే అది పక్కకు నెట్టిన గాలి వల్ల తూకం తగ్గుతుంది, లీటరుకు 1.2 గ్రాముల దాకా. డిజిటల్ త్రాసు ఆ తేడా పట్టేస్తుంది. గట్టి మూత ఉన్న 2 లీటర్ల కూల్ డ్రింక్ సీసా వాడండి. అందులో వెనిగర్ పోసి, వంట సోడాను కాగితంలో చుట్టి లోపల వేసి, వెంటనే మూత బిగించి తూచి, తర్వాత కుదిపి మళ్లీ తూచాలి. గ్రాము సోడాకు 290 మిల్లీలీటర్ల వాయువు వస్తుంది, ఆ సీసా తట్టుకుంటుంది. గ్రాముకు మించొద్దు.

అమ్మోనియం డైక్రోమేట్ అగ్నిపర్వతం సైన్స్ ఫెయిర్లలో ఇంకా కనిపిస్తోంది. అది క్యాన్సర్ కారకం, దయచేసి బడిలోకి రానివ్వకండి. బ్లీచింగ్ పౌడర్‌లో ఆమ్లం కలిస్తే క్లోరిన్ వస్తుంది, బాత్రూమ్ యాసిడ్ తెచ్చేవాళ్లు అది గుర్తుంచుకోవాలి. లేబుల్ లేని సీసాలను తెరవకుండా, వాసన చూడకుండా తాళం వేసి ఉంచండి.


ప్రశ్న అడిగినవారు: ప్రకాశం_పీఎస్_టీచర్

అందరికీ ధన్యవాదాలు. సుద్దముక్క సంగతి చదివి వెంటనే వెనిగర్ చుక్క వేసి చూశాను, నిజమే, ఒక్క బుడగ రాలేదు! ఒక సందేహం మిగిలింది. నలభై ఐదు నిమిషాల పీరియడ్, క్లాసులో యాభై మంది పిల్లలు. పైగా పదో తరగతికి సిలబస్ అవ్వాలని హెడ్మాస్టర్ గారి టెన్షన్. ఎలా సర్దుకుంటారు?


జవాబు: పల్నాడు_మాస్టారు

చుక్కల్లో చేయించండి టీచర్ గారూ. ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పుల్లో పారదర్శక ప్లాస్టిక్‌వి దాచమని పిల్లలకు చెప్పండి. ఒక్కో గుంటలో రెండు చుక్కలు చాలు, పది పదార్థాలు ఒకే స్ట్రిప్పులో తేలిపోతాయి. రెండు వైపులా అల్యూమినియం రేకు ఉన్నవి వద్దు, చాకలి సోడా ఆ రేకునే తింటుంది. ఐదుగురికో గుంపు, గుంపుకో స్ట్రిప్పు, ఒక నోటుబుక్కు. ముందుగా వాక్యం రాయడానికి ఐదు నిమిషాలు, చేయడానికి పదిహేను, మిగతాదంతా మాట్లాడుకోవడానికి. మాట్లాడే సమయం తగ్గించి రెండో ప్రయోగం చేయించాలనిపిస్తుంది, చేయించకండి.

సిలబస్ గురించి హెడ్మాస్టర్ గారికి పిల్లల నోటుబుక్కులే చూపించండి. "ప్రయోగాన్ని వివరించండి" అన్న ప్రశ్నకు చేసిన పిల్లవాడు రాసే జవాబుకు, బట్టీ పట్టినవాడి జవాబుకు తేడా ఆయనకూ తెలుస్తుంది. ప్రాజెక్టు మార్కులకు ఆ నోటుబుక్కునే తీసుకోండి. చార్టులు కొనిపించే ఖర్చు తల్లిదండ్రులకు తప్పుతుంది.

రైతు గారి కత్తి పరీక్ష నాకు కొత్త. ఈ ఏడాది స్థానభ్రంశ చర్య (ఇనుము రాగిని తోసేసి దాని స్థానంలోకి వెళ్లడం లాంటిది) పాఠానికి మా ఊరి నిమ్మతోట రైతును పిలుస్తాను. మీరు మొదటి వారంలో సీసాల్లో సున్నపు తేట వరకే చేయించండి. గుడ్డు పెంకులు మాత్రం లోపలి పొర తీసి, కడిగి, ఎండబెట్టాకే బీరువాలో పెట్టండి, లేకపోతే చీమలు, వాసన.