ఫార్మ్‌డీ అయ్యాక మళ్ళీ పీహెచ్‌డీనా?

గుంటూరు_మిర్చి: మా చెల్లి ఇక్కడే గుంటూరులో ఫార్మ్‌డీ (ఇంటర్ అయ్యాక ఆరేళ్ళ ఫార్మసీ డిగ్రీ) ఐదో సంవత్సరం. ఇంటర్న్‌షిప్ అవగానే బయోమెడికల్ రీసెర్చ్‌లో పీహెచ్‌డీ అంటోంది. ఆరేళ్ళు చదివి మళ్ళీ అయిదేళ్ళా, పెళ్ళెప్పుడు అని నాన్న. తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_మందులషాపు: బాబూ, ఆ డిగ్రీకే మన ఆస్పత్రుల్లో కుర్చీ లేదు. చదివినవాళ్ళు మెడికల్ కోడింగ్‌కని, అదే ఇన్సూరెన్సు బిల్లుల కోసం రోగాలకి కోడ్‌లు వేసే పనికని, హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. పైన ఇంకోటి తగిలిస్తే కుర్చీ పుడుతుందా? అమెరికా ఫార్మసిస్టు లైసెన్సుకి 2003 నుంచి డిగ్రీ పొందినవాళ్ళకి అయిదేళ్ళ కోర్సు ఉండాలన్నారు. మా నాలుగేళ్ళ బీఫార్మసీ వాళ్ళకి దారి మూసుకుపోయింది, ఫార్మ్‌డీకి ఉంది. అది వదిలేసి ఎలుకలతో కూర్చుంటానంటే ఏమనాలి!

వార్డు_అక్క: బాబాయ్ గారూ, కుర్చీ లేదన్నది నిజం. 2008లో కోర్సు పెట్టారు, ఉద్యోగాలు పెట్టలేదు. నేను ఫార్మ్‌డీ చేసి ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నాను కాబట్టి నా మాట కాస్త ఒకవైపే మొగ్గుతుంది, అయినా వినండి.

ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు జనరల్ మెడిసిన్ వార్డే కదా. అక్కడ టీబీ మందులు వాడుతున్న ఒక పెద్దాయన అరికాళ్ళు మండిపోతున్నాయని చెప్పులు కూడా వేసుకోలేకపోయేవాడు. పక్క మంచం కుర్రాడిదీ అదే టీబీ మందు ఐసోనియాజిడ్, వాడికేమీ లేదు. కేస్ షీట్ తిరగేస్తే, ఆ మందుతో నరాలు దెబ్బతినకుండా ఇచ్చే బి6 విటమిన్ బిళ్ళ రాయలేదు. పీజీ డాక్టరుకి చెప్పాం, దుష్ప్రభావాల ఫారం నింపాం, ఇబ్బంది మందు వల్లేనా అని తేల్చే నరాంజో స్కేలు ప్రశ్నలకి మార్కులు వేశాం. మందు వల్లే కావచ్చని తేలింది. ఆయనకే ఎందుకొచ్చిందో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

లివర్‌లో ఐసోనియాజిడ్ పని పట్టే ఎంజైమ్ ఎన్‌ఏటీ2. జన్యువు తేడా వల్ల కొందరిలో అది నెమ్మదిగా పనిచేస్తుంది, మందు రక్తంలో నిలిచిపోతుంది. రక్తం తీసి, డీఎన్‌ఏ వేరుచేసి, పీసీఆర్ (కావలసిన జన్యువు ముక్కని లెక్కకు మించి కాపీలు చేసే పరీక్ష) పెడితేగానీ ఎవరిలో అలా ఉందో తెలియదు. ఆ చేతిపని నాకు ఫార్మ్‌డీలో రాలేదు. అది వచ్చిన ల్యాబువాళ్ళేమో ఆ పెద్దాయన కాళ్ళు చూడరు.

అమెరికాలో ఫార్మ్‌డీ, పీహెచ్‌డీ రెండూ కలిపి చదివించే కోర్సులున్నాయి. ఏడెనిమిదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఇక్కడ ఒకటయ్యాక ఒకటి. ఎంఫార్మసీ లేకుండా నేరుగా పీహెచ్‌డీకి చేరొచ్చు.

మిర్చి గారూ, వార్డులో ఏ సందేహం తనని వదలడం లేదో చెల్లిని అడగండి. ఏమీ లేదంటే బాబాయ్ గారు చెప్పిందే నయం. ఉద్యోగం దొరక్క పీహెచ్‌డీలో చేరినవాళ్ళని మూడో ఏడాదిలో చూడలేం.

బెజవాడ_మందులషాపు: అదంతా సరేనమ్మా. బి6 అందరికీ ముందే ఇచ్చేస్తే పోలా? ఇక జన్యువు చూసి ఏం చేస్తారు?

వార్డు_అక్క: బి6 నరాలని కాపాడుతుంది, లివర్‌ని కాదండీ. ఆ నెమ్మది ఎంజైమ్ వాళ్ళకి లివర్ దెబ్బతినే అవకాశమూ ఎక్కువే. జన్యువు చూసి డోసు తగ్గిస్తే ఆ ఇబ్బంది తగ్గిందని 2013లో జపాన్ వాళ్ళ ట్రయల్ ఒకటి వచ్చింది. మన వార్డుల్లో ఎవరు చూడాలి మరి?

గుంటూరు_మిర్చి: చెల్లిని అడిగాను. వార్ఫరిన్ అంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందట. ఒకే డోసుకి ఒక్కొక్కరికి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే అంకె) అంత తేడా ఎందుకొస్తుందో చెప్పడం మొదలుపెట్టి ఆపలేదు, నాన్న లేచి వెళ్ళిపోయారు. అక్కా, స్టైపెండ్ ఎంతో చెప్పండి, ఆయనతో నేను మాట్లాడతా.

వార్డు_అక్క: జేఆర్ఎఫ్ (జాతీయ పరీక్ష రాస్తే వచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, ఆ తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం వేరే. ఫెలోషిప్ లేకుండా మాత్రం చేరనివ్వకండి.