బెక్ ‘మార్నింగ్ ఫేజ్’: కొత్త ఆల్బమా, పాత దుఃఖానికి రెండో ముద్రణా?

పాతక్యాసెట్:
మొహమాటం లేకుండా అడుగుతున్నాను. 2002లో ‘సీ ఛేంజ్’ ఆల్బం వచ్చింది. తొమ్మిదేళ్ల బంధం తెగిపోయాక అమెరికన్ గాయకుడు బెక్ రాసుకున్న పాటలవి. 2014లో ‘మార్నింగ్ ఫేజ్’. వాయించినవాళ్లు చాలావరకు అప్పటివాళ్లే, వయొలిన్ల స్వరకూర్పు అప్పుడూ ఇప్పుడూ ఆయన తండ్రి డేవిడ్ క్యాంప్‌బెల్‌దే. అందులోని ‘గోల్డెన్ ఏజ్’ పాట పెట్టి, వెంటనే ఇందులోని ‘మార్నింగ్’ పెట్టండి. ఆ గిటార్ మీటు, ఆ నెమ్మది అచ్చు అవే. దీన్ని కొత్తదని ఎలా అమ్ముతారు?

రాత్రిరేడియో:
దానికే గ్రామీ ఇచ్చారుగా 😄 2015లో బియాన్సేని కాదని మరీ. ర్యాపర్ కాన్యే వెస్ట్ వేదిక ఎక్కి, మళ్లీ వెనక్కి తగ్గిన రోజు.

మూడోఫ్రెట్:
కాన్యే సంగతి ఇక్కడ వద్దు, థ్రెడ్ మునుగుతుంది.
పాతక్యాసెట్ గారూ, ‘గోల్డెన్ ఏజ్’ కన్నా ముందే ఆయన అకూస్టిక్ (కరెంటు లేని గిటార్) మనిషి. ‘వన్ ఫుట్ ఇన్ ది గ్రేవ్’ ఆల్బం 1994లోది, ‘మ్యుటేషన్స్’ 1998లోది. మీరు 2002లో విన్నారు కాబట్టి అక్కడే పుట్టిందనుకుంటున్నారు. ఇంకో తేడా కూడా ఉంది. ‘సీ ఛేంజ్’ నైజెల్ గాడ్రిచ్ ప్రొడ్యూస్ చేశాడు, గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంటుంది. ‘మార్నింగ్ ఫేజ్’ బెక్ తానే ప్రొడ్యూస్ చేసుకున్నాడు. తన గొంతునే పొరలు పొరలుగా పేర్చాడు, దూరంగా ఎవరో బృందంగా పాడుతున్నట్టుంటుంది.

పాతక్యాసెట్:
గొంతు గురించి నేనడగలేదు. గిటార్ ఒకటేనా, కాదా?

మూడోఫ్రెట్:
మీటే తీరు దగ్గరగానే ఉంది. ఒప్పుకుంటాను. అయితే ఏంటి?

పాతక్యాసెట్:
అయితే ఒప్పుకున్నట్టే.

నిద్రలేనివాడు:
నాకు రెండూ నిద్రమాత్రలే.

మూడోఫ్రెట్:
అన్నా, నువ్వాగు.
‘మార్నింగ్ ఫేజ్’లో ‘వేవ్’ పాట విన్నారా? గిటార్ లేదు, డ్రమ్స్ లేవు. వయొలిన్ లాంటి తీగల వాద్యాలు, గొంతు, అంతే. పాత సూత్రాన్నే తిరగరాసేవాడు ఆల్బం నడిమధ్యలో గిటార్ పక్కన పెడతాడా? 2005లో వీడియో షూటింగ్‌లో ఆయన వెన్నుకు దెబ్బ తగిలింది, చాలాకాలం పెద్దగా టూర్లు చేయలేకపోయాడు. నాకూ డిస్క్ జారి ఆరు నెలలు గిటార్ ఒళ్లో పెట్టుకోలేదు. తర్వాత మొదటిసారి మీటినప్పుడు చేయి పాత పాటల దగ్గరికే పోయింది. అది కాపీ కొట్టడం కాదండీ. చేతికి గుర్తున్నదే ముందు వస్తుంది.

పాతక్యాసెట్:
మీ నడుంనొప్పికీ ఆల్బం నాణ్యతకీ ఏం సంబంధం? ఇక్కడ ప్రతి చర్చా మీ డిస్క్ దగ్గరికే చేరుతుంది. పోయినసారి డ్రమ్మర్ల థ్రెడ్‌లోనూ ఇదే.

మూడోఫ్రెట్:
డ్రమ్మర్ల థ్రెడ్‌లో మీరే అడిగారు. ఇప్పుడు సూటిగా నేనడుగుతాను. మీకు గొడవ గిటార్‌తోనా, లేక ఆయన బాగున్నాడనా? 2014కి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. బాగున్నవాడు దిగులు పాట పాడకూడదని రూలేమైనా ఉందా?

పాతక్యాసెట్:
ఉందనే నా అభిప్రాయం. 2002లో ఆయన విరిగిపోయి పాడాడు. అంతకు మూడేళ్ల ముందే ‘మిడ్నైట్ వల్చర్స్’ ఆల్బంలో ఫంక్ (హుషారైన డాన్స్ సంగీతం) ఆడినవాడు, ఒక్కసారిగా ఇలా! నమ్మక ఏం చేస్తాం? 2014లో అదే స్వరాన్ని హాయిగా, అందంగా చేసి పెట్టాడు. గాయం మానిపోయి మచ్చ చూపించుకుంటున్నట్టు.

తంబురతీగ:
మచ్చ చూపిస్తే తప్పేంటి? ఆ ఆల్బం పేరులోనే తెల్లవారడం ఉంది కదా.

పాతక్యాసెట్:
సరే, చెప్పేస్తాను. నా విడాకులు ‘సీ ఛేంజ్’ వచ్చిన ఏడాదే. రాత్రంతా హెడ్‌ఫోన్స్‌లో అదే. మొదటి పాట అయిపోతే వెనక్కి తిప్పడం, మళ్లీ అదే. పన్నెండేళ్లకు మళ్లీ ఆ మీటు వినపడగానే, ఇంకో రాత్రి మాట్లాడటానికి వచ్చాడనుకున్నాను. చూస్తే ఆయన తేరుకున్నాడు. నేను తేరుకోలేదు. అదీ నా కోపం.

రాత్రిరేడియో:
కాన్యే జోక్ వేసినందుకు సారీ.

మూడోఫ్రెట్:
డిస్క్ గురించి ఇక ఎత్తను. మీరు కుదిరినప్పుడు ‘వేవ్’ ఒక్కటి, హెడ్‌ఫోన్స్‌లో.

పాతక్యాసెట్:
విన్నాను, రెండుసార్లు. అందులో గిటార్ లేదు, మీరన్నది నిజమే. ‘మార్నింగ్’ విషయంలో మాత్రం తగ్గేది లేదు.