వెనక యాంటీ రోల్ బార్ వేయించాలా వద్దా? పోలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

అన్నలూ, నాది పోలో జీటీ టీఎస్ఐ, 1.2 లీటర్ టర్బో, ప్రాణం నాకు ఆ కారంటే. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా, అరకు ఘాట్ మలుపుల్లో కొంచెం స్పీడ్‌గా తిప్పితే ముందు టైర్లు బయటికి జారుతున్నాయి, బాడీ కూడా ఒరుగుతోంది. వెనక గట్టి యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బాడీ ఒరుగుడు తగ్గించడానికి ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ని కలిపే స్టీల్ కడ్డీ) వేస్తే మలుపులో లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి బరువు బదిలీ వెనక ఎక్కువై ముందు టైర్లకి గ్రిప్ మిగులుతుందట, అంతవరకు అర్థమైంది. కానీ దీనికి వెనక ఉండేది టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాల్నీ కలిపే అడ్డదూలం), ఆ బీమే మెలితిరుగుతూ కొంతవరకు యాంటీ రోల్ బార్ పని చేస్తుంది, మరి దానికి ఇంకో బార్ బిగిస్తే వెల్డింగుల మీద లోడ్ పడదా? పైగా సాలిడ్ బార్ గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే 20 నుంచి 22 మిల్లీమీటర్లకి వెళ్తేనే దాదాపు 46 శాతం ఎక్కువ, చిన్న తేడా కాదది. వానలో మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక జారుతుందేమోనని భయం, మా పాప వెనక సీట్లోనే కూర్చుంటుంది. మెకానిక్ స్ప్రింగులు మార్చెయ్ అంటున్నాడు, నాకైతే ముందు మంచి టైర్లు, డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), తర్వాతే బార్ అనిపిస్తోంది. వేయించుకున్నవాళ్లుంటే ఎంత మందం వేశారు, ఎక్కడ బిగించారు, ఒక చక్రమే గుంతలో పడితే ఎలా ఉంటోంది, చెప్పండి ప్లీజ్.