తాతగారి ఎఫ్‌సీ 150 పికప్: స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి, డీజిల్ ఇంజిన్ ఎక్కించొచ్చా?

అరటితోట_అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది కొల్లిపర దగ్గర లంక ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇంటి వెనకాల గడ్డివాము పక్కన రేకుల షెడ్డులో మా తాతయ్య మహీంద్రా ఎఫ్‌సీ 150 పికప్ ఉంది, పెట్రోల్ బండి, ఆర్సీలో 1969 మోడల్ అని ఉంది. చూడనివాళ్ళకి చెప్పాలంటే ముక్కు కోసేసిన జీపు అనుకోండి, డ్రైవర్ ముందు చక్రాల మీదే కూర్చుంటాడు, ఇంజిన్ రెండు సీట్ల మధ్య డబ్బా కింద ఉంటుంది. తెనాలి మార్కెట్‌కి అరటి గెలలు దీంట్లోనే వేసుకెళ్ళేవాళ్ళంట. తాతయ్య పోయాక ఆగిపోయింది, ఇరవై ఏళ్ళు దాటింది, ప్రస్తుతం కోళ్ళ కాపురం.

పరిస్థితి ఏంటంటే ఇంజిన్ పట్టేసింది, హ్యాండిల్ వేస్తే కదలట్లేదు. బ్రేక్ పెడల్ కిందికి పోయి అక్కడే ఉంటోంది. క్యాబిన్ ఫ్లోర్ డ్రైవర్ కాళ్ళ దగ్గర తుప్పుకి పోయింది, అద్దం పగిలింది, అద్దం చుట్టూ రబ్బరు బీడింగ్ రాయిలా అయిపోయింది, కుడి తలుపు లాక్ లేదు, వెనక తొట్టి తలుపు మొత్తానికే లేదు. కమాను కట్టలు, హౌసింగులు మాత్రం చూడ్డానికి గట్టిగానే ఉన్నాయి.

నా ప్లాన్ ఏంటంటే బాడీ పాత లుక్కులోనే ఉంచి లోపల డీజిల్ ఇంజిన్, ముందు డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్ పెట్టించి వారాంతాల్లో హైదరాబాద్ నుంచి ఊరికి దాంట్లోనే తిరగాలని. మా నాన్న ఇనప సామానుకి ఇచ్చేయరా అంటున్నాడు, కిలోల లెక్కన రేటు కూడా కనుక్కుని వచ్చాడు. ఈ బండికి స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయా? ఎవరైనా చేయించారా? ఎంత ఖర్చవుద్దో కూడా చెప్పండి ప్లీజ్.

టర్బో_చిన్నా:

బ్రో ఆలోచించకు, పాత ఇంజిన్ పీకేసి కామన్ రైల్ డీజిల్ పెట్టు, లిఫ్ట్ చేయించు, మడ్ టైర్లు వెయ్యి, మ్యాట్ బ్లాక్ కొట్టించు, రోడ్డు మీద అందరూ నిన్నే చూస్తారు 🔥🔥

ఆటోనగర్_మామయ్య:

చిన్నా, నువ్వు చెప్పినట్టు చేస్తే రోడ్డు మీద చూసేవాళ్ళలో మొదటివాడు బ్రేక్ ఇన్‌స్పెక్టరే అవుతాడు.

అబ్బాయ్, నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళ పైన జీపుల పనే చేశాను, ఇప్పుడు మా వాడు చూస్తున్నాడు. ముందు నీకో మంచి మాట. నువ్వు షాపుకెళ్ళి "ఎఫ్‌సీ 150 స్పేర్లు ఉన్నాయా" అని అడిగితే నూటికి తొంభై మంది అదేం బండి అంటారు, నువ్వు దొరకదనుకుని ఇంటికొచ్చేస్తావు. అలా అడగకూడదు. దాంట్లో ఉన్నది 134 క్యూబిక్ ఇంచ్ హరికేన్ ఇంజిన్, అంటే 2.2 లీటర్, ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి చూడు, అదే. మన పాత మహీంద్రా పెట్రోల్ జీపులోదీ ఇదే ఇంజిన్. ఫోర్ బై ఫోర్ బండి అయితే టి-90 మూడు గేర్ల డబ్బా, స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకి కూడా బలం పంపే డబ్బా) ఉండాలి, అవీ జీపువే. కాబట్టి పిస్టన్, రింగులు, బేరింగ్ షెల్స్, గ్యాస్కెట్ సెట్టు, వాటర్ పంపు కిట్టు, క్లచ్ ప్లేటు అన్నీ "పెట్రోల్ జీపు హరికేన్‌వి" అని అడుగు, ఇప్పటికీ దొరుకుతాయి. పిస్టన్ కొనే ముందు బ్లాకు బోర్ కొలిపించు, స్టాండర్డ్ అయితే మూడుంపై అంగుళంలో ఎనిమిదో వంతు (3 1/8 అంగుళాలు), అంటే 79.4 ఎంఎం. ఈపాటికి ఒకసారైనా సిలిండర్లు బోరింగ్ చేసి వెడల్పు చేసే ఉంటారు, ఓవర్‌సైజు ఎంతో తెలీకుండా పిస్టన్ కొనొద్దు.

ఇంకోటి, బేరింగులు ఆయిల్ సీళ్ళు అసలు బండి పేరు చెప్పి కొనకు. బేరింగ్ మీద నంబర్ కొట్టి ఉంటుంది, కిరసనాయిల్‌తో కడిగితే కనపడుద్ది. సీలుకి లోపలి కొలత, బయటి కొలత, మందం మూడూ రాసుకుని బేరింగ్ షాపుకెళ్ళు, ఏ ట్రాక్టర్‌దో ఏ మిల్లుదో సరిగ్గా కూర్చునేది ఇస్తారు.

ఇంజిన్ పట్టేసిందంటే కంగారు పడకు, అలాగని ట్రాక్టర్‌తో లాగించి గేర్‌లో స్టార్ట్ చేద్దామని కూడా చూడకు, కనెక్టింగ్ రాడ్డు వంగుద్ది. ప్లగ్గులు నాలుగూ ఊడదీసి ఒక్కో దాంట్లో కొంచెం డీజిలు, కొంచెం ఇంజిన్ ఆయిలు కలిపి పోసి వారం వదిలెయ్. రోజూ హ్యాండిల్‌తో అటూ ఇటూ ఊపు, బలం పెట్టకు. ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనే కాబట్టి అవి కూడా పట్టేసి ఉంటాయి, టాపెట్ కవర్ పక్కనే ఉంటుంది, తీసి నూనె కొట్టు.

డీజిల్ గురించి రాత్రికి రాస్తా, షాపులో ఉన్నా.

సికింద్రాబాద్_సీజే:

మామయ్య చెప్పింది సోలా ఆనే నిజం. నా దగ్గర సీజే 3బి పాత జీపు ఉన్నది, మూడేండ్లు పట్టింది నిలబెట్టనీకి. హైదరాబాద్‌లనే ఉంటవ్ గద అన్నా, పైలె రాణిగంజ్ తిరుగు, బేరింగులు, సీళ్ళు, బ్రేక్ కప్పులు, హోజులు ఆడనే అయిపోతయ్. ఆడ దొరకనియి నేను చెన్నై పుదుపేటలో తెచ్చిన, ఇంకొన్ని ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి పార్సిల్ తెప్పిచ్చిన. పాత జీపు సామాను మొత్తం ఒక్క తాన చూడాల్నంటే మండీ డబ్వాలీ పోవాలె, హర్యానా పంజాబ్ బార్డర్ మీద, ఆడ జీపులు కట్టుడే ఒక దందా. కానీ ఫోన్ల ఫొటో చూసి పైసల్ కొట్టకు అన్నా. నేను ఒకాయనకి ట్రాన్స్‌ఫర్ కేసుకి పైసల్ పంపిన, వచ్చినంక ఇప్పి చూస్తే లోపట గేర్ల పండ్లు సగం లేవు, పైనంగ మాత్రం కొత్త పెయింట్ కొట్టి మెరుస్తున్నది. షాపు పేరు చెప్పను గానీ అప్పటి సంది ఇప్పిన ఫొటో, గేర్ తిప్పుతున్న వీడియో లేకుంటే అడ్వాన్స్ ఇస్తలేను.

నీకు అసలు తిప్పలు క్యాబిన్ సామాన్లతోని. ఇంజిన్, గేర్‌బాక్స్ జీపుదే గానీ అద్దం, బీడింగ్, తలుపులు, లాకులు ఎఫ్‌సీకి తప్ప దేనికీ పట్టయ్. అమెరికాల విల్లీస్ కంపెనీ ఈ మోడల్ 1956 ఆఖరుకు తీసింది, ఆడ 1965ల బంద్ చేసిన్రు, మన మహీంద్రా షురూ చేసిందే 1965ల. అందుకే ఆడ కూడా పాత బండ్లోళ్ళు రబ్బరు గిట్ల కొత్తగ చేపిచ్చి అమ్ముతరు, కానీ షిప్పింగ్, కస్టమ్స్ కలిస్తే రబ్బరు ధర కన్న అదే ఎక్కువైతది. నేనైతే పాత బీడింగ్ ముక్క ఒక జానెడు కోసుకపోయి దాని కోత చూపిచ్చి మీటర్ల లెక్క కొన్న, అట్లనే సరిపోయింది. అందుకే ఆ రాయిలెక్క అయిన బీడింగ్ పారెయ్యకు, అదే నీ శాంపిల్.

లైట్లు వెలుగుతలేవని 12 ఓల్ట్ బ్యాటరీ తగిలియ్యకు, ముందుగాల బండి 6 ఓల్టా 12 ఓల్టా, ఎర్త్ ప్లస్సా మైనస్సా చూడు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెడితే మంచిదే, నేనూ పెట్టిన, కానీ బ్యాటరీ ఉల్టా పెడితే లోపట డయోడ్లు ఒక్క సెకన్‌లనే పోతయ్. నావి పోయినయ్ 😅

ఫారం31:

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను, అరటితోట గారూ, స్పేర్ల కన్నా ముందు మీరు తేల్చుకోవాల్సింది ఇదే.

బండి ఇంకా తాతగారి పేరు మీదే ఉందనుకుంటున్నాను. ముందు వారసుల పేరు మీదికి మార్చాలి, దానికి ఫారం 31, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న కాగితం అడుగుతారు. మీ అత్తయ్యలు, బాబాయిలు ఉంటే ఇప్పుడే సంతకాలు పెట్టించుకోండి, బండి మెరిసిపోయాక అడిగితే వాటాలు గుర్తొస్తాయి. తర్వాత ఆర్సీలో బండి క్లాసు ఏమని ఉందో చూడండి, గూడ్స్ అని ఉంటే అది ట్రాన్స్‌పోర్ట్ వాహనం కింద లెక్క.

2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి విడిగా రూల్స్ తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన, సొంతానికి వాడే టూ వీలర్లు, ఫోర్ వీలర్లకే. కొత్తగా రిజిస్టర్ చేస్తే వీఏ సిరీస్ నంబర్, ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, రెన్యువల్ 5,000. ముందే రిజిస్టర్ అయిన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. మీది 1969 కాబట్టి వయసు సరిపోయింది. కానీ షరతు ఏంటంటే బండి అసలు రూపంలో ఉండాలి, పెద్దగా మార్పులు చేసి ఉండకూడదు. పైగా వింటేజ్ కింద ఉన్న బండిని రోజువారీ తిరుగుడుకి వాడకూడదు, ర్యాలీలు, ఎగ్జిబిషన్లు, పెట్రోలు కొట్టించడం, రిపేర్లు, అంతే. అంటే డీజిల్ ఇంజిన్ పెట్టి వింటేజ్ అంటే ఒప్పుకోరు, వింటేజ్ తీసుకుని ప్రతి శనివారం ఊరెళ్తానన్నా కుదరదు.

వింటేజ్ వద్దు మామూలుగానే ఉంచుతానంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వస్తుంది. ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ముందే ఆర్టీఓ అనుమతి తీసుకోవాలి, తర్వాత ఆర్సీలో ఎక్కించాలి. అది లేకుండా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు.

ఆటోనగర్_మామయ్య:

ఇదిగో వచ్చా. ఫారం గారు చెప్పాక డీజిల్ గురించి నేను చెప్పాల్సింది సగం అయిపోయింది, మిగతా సగం చెప్తా.

ఒకప్పుడు పెట్రోల్ జీపుల్లో డీజిల్ ఇంజిన్లు ఎక్కించడం మాకు రోజూ ఉండే పనే, ప్యుజో లైసెన్సుతో మహీంద్రా చేసిన ఎక్స్‌డీపీ 4.90 అంటే 2112 సీసీ ఇంజిన్, అదే ఎక్కువ పెట్టేవాళ్ళం. జీపులో బాగానే కూర్చుంటుంది. ఎఫ్‌సీలో అలా కాదు, ఇంజిన్ నీ మోకాలి పక్కనే ఉంటుంది. డీజిల్ మోత, వేడి, ఊపు మొత్తం క్యాబిన్‌లోకే వస్తాయి. నేనొకటి చేశాను పాత రోజుల్లో, ఆసామి నెల తిరక్కుండా ఇంజిన్ డబ్బా మీద గోనెసంచులు కప్పుకుని వచ్చాడు, చెవుల్లో దూది. ఎత్తు సరిపోక డబ్బా కోసి పెంచాల్సొచ్చింది, దాంతో గేరు రాడ్డు పక్కకొచ్చి మూడో గేరు వేస్తే మోచెయ్యి తలుపుకి కొట్టుకునేది.

స్పీడు కూడా లెక్క చూసుకో. వెనక జాకీ ఎత్తి డిఫరెన్షియల్ కవర్ తీసి పళ్ళు లెక్కపెట్టు, పెద్ద చక్రానికి (క్రౌన్) 43, చిన్నదానికి (పినియన్) 8 అయితే నిష్పత్తి 5.38. ముప్పై అంగుళాల ఎత్తు టైరుతో టాప్ గేర్‌లో 60 మీద పోతుంటే ఇంజిన్ నిమిషానికి 2250 సార్లు తిరుగుద్ది, 80 అంటే 3000. ఏ ఇంజిన్ పెట్టినా ఇంతే. ఈ బండి పుట్టిందే గెలలు మోయడానికి, హైవే మీద కార్లతో పోటీకి కాదు. వీల్‌బేస్ 81 అంగుళాలు, బరువంతా ముందే, తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు గట్టిగా బ్రేకేస్తే వెనక తేలిపోద్ది. ముందు డిస్కులు పెడితే ఇంకా తేలుద్ది, అందుకే ఆ ఆలోచన మానెయ్. డబ్బులు పెట్టాలనుంటే బ్రేకుల సింగిల్ మాస్టర్ సిలిండర్ తీసి రెండు సర్క్యూట్లది పెట్టించు, ఒక చక్రం దగ్గర లీకైనా రెండో సర్క్యూట్ ఆపుద్ది. ఫారం గారి వింటేజ్‌కి అడ్డమో కాదో నాకు తెలీదు గానీ ప్రాణానికి మాత్రం మంచిది.

పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ కలుస్తోంది కదా, పంపు డయాఫ్రం, పైపులు పాతవి ఉంచకు, మెత్తబడి కారతాయి. ఇంజిన్ నీ పక్కనే ఉంది, గుర్తుపెట్టుకో. ఖర్చు మాత్రం ఇంజిన్ విప్పకుండా ఎవడు చెప్పినా నమ్మకు, నేను చెప్పినా సరే. ఫ్లోరుకి పుట్టీ పెడతానంటే ఒప్పుకోకు, తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించు.

వెనక తలుపు కోసం షాపులు తిరక్కు. పల్లెటూళ్ళో అంత మందం రేకు ఎవరూ పారెయ్యరు, ముందు మీ ఇంట్లోనే వెతుకు.

టర్బో_చిన్నా:

సరే మామయ్యా నేను మ్యాట్ బ్లాక్ వెనక్కి తీసుకుంటున్నా 😂 కనీసం అలాయ్ వీల్స్ అయినా? జీపు, జిప్సీ రెండూ 5 బోల్టులు, పీసీడీ (బోల్టుల వలయం కొలత) 139.7 ఎంఎంనే కదా

సికింద్రాబాద్_సీజే:

బోల్టులు పడ్తయ్ చిన్నా, నడుమ బొక్క సైజు చూడకుండ కొంటే హబ్బు మీద కూసోదు. నాకెట్ల తెలుసని అడగకు.

అరటితోట_అబ్బాయి:

అందరికీ థాంక్స్, రెండు వారాలైంది రిప్లై ఇవ్వడానికి, సారీ. డీజిల్ వద్దనుకున్నా, డిస్కులు, పవర్ స్టీరింగ్ కూడా పక్కన పెట్టేశా. పెట్రోల్ ఇంజినే బాగు చేయించి వింటేజ్ కింద పెడదామని, ఊరికి ఎప్పట్లాగే బస్సులో వెళ్తా. ఆర్సీ చూస్తే ఫారం గారు చెప్పినట్టే గూడ్స్ అనే ఉంది, ముందు క్లాసు మార్చమని అప్లికేషన్ పెట్టాలి. అత్తయ్యలిద్దరూ సంతకం పెట్టారు, చిన్నత్త మాత్రం మొదటి రౌండ్ నన్నే ఎక్కించుకోవాలని కండిషన్ పెట్టింది.

మామయ్య గారూ, డీజిలు ఆయిలు పోసి ఎనిమిదో రోజు హ్యాండిల్ పావు వంతు తిరిగింది, పదో రోజుకి మొత్తం తిరిగింది. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు ఒకటి పైకి లేచి అలాగే ఉండిపోయింది, దానికి ఇంకా నూనె కొడుతున్నా. వచ్చే శనివారం ఇంజిన్ దింపి మీ వైపు తీసుకురావచ్చా?

ఇంకో విషయం, వెనక తలుపు దొరికింది. గేదెల పాకలో కుడితి గోలెం మీద మూత. ఇన్నేళ్ళూ రోజూ తీసి పెడుతున్నది మా నాన్నే. ఇప్పుడు గోలేనికి కొత్త మూత తెచ్చేదాకా ఇవ్వనంటున్నాడు.