ఆన్‌లైన్‌లో పరిచయమైన సప్లయర్‌కి అడ్వాన్స్ పంపొచ్చా? ఇంకేం చూసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. చిన్న యూనిట్ నడుపుతున్నా, ప్యాకింగ్ మెషీన్ కోసం నెట్‌లో వెతుకుతుంటే వేరే దేశంలో ఒక సప్లయర్ దొరికాడు. మూడు వారాలుగా వాట్సాప్‌లో, మెయిల్‌లో మాట్లాడుకుంటున్నాం, మనిషి మర్యాదస్తుడే, అడిగిందల్లా పంపిస్తున్నాడు, కంపెనీ రిజిస్ట్రేషన్ పీడీఎఫ్, ఐఎస్ఓ సర్టిఫికెట్, ఫ్యాక్టరీ వీడియో, పాత కస్టమర్ల నంబర్లు రెండు కూడా ఇచ్చాడు. ఇప్పుడు 30 శాతం అడ్వాన్స్ వేస్తే పని మొదలుపెడతా అంటున్నాడు. రేటు మిగతావాళ్ళ కంటే కొంచెం తక్కువ, కానీ మరీ అనుమానం వచ్చేంత కాదు. ఇంట్లో వాళ్ళు వద్దంటున్నారు, నాకేమో చేతికొచ్చింది వదులుకోబుద్ధి కావట్లేదు. పంపెయ్యనా?

జవాబు:
30 శాతం అడగడం తప్పేం కాదండి, మెషీన్ల ఆర్డర్లలో 30 ముందు, మిగతా 70 సరుకు ఎక్కించే ముందో బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే కాగితం) కాపీ చూపించాకో ఇవ్వడం మామూలే. నాకు నచ్చనిది వేరే. మీరు రాసిన లిస్టు ఒకసారి మళ్ళీ చదువుకోండి, పీడీఎఫ్ ఆయన పంపిందే, వీడియో ఆయనదే, కస్టమర్ల నంబర్లూ ఆయన ఇచ్చినవే. మీ అంతట మీరు వెతికి పట్టుకున్నది ఒక్కటన్నా ఉందా? పరీక్ష రాసినవాడికే పేపర్ ఇచ్చి దిద్దుకోమన్నట్టుంది.

ముందు ఆ దేశం కంపెనీ రిజిస్ట్రీలో మీరే వెతకండి, చాలా దేశాల్లో ఆన్‌లైన్‌లోనే చూడొచ్చు, బ్రిటన్‌లో కంపెనీస్ హౌస్ అయితే ఫ్రీ. కానీ పేరు కనిపించింది కదా అని ఆగిపోవద్దు, నిజం కంపెనీ పేరు పెట్టుకుని తిరిగే దొంగలే ఎక్కువ. కంపెనీ ఉందా అన్నది ఒక ప్రశ్న, మీతో మాట్లాడే మనిషి ఆ కంపెనీ వాడేనా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి ఒకటే దారి, ఆయన ఇవ్వని నంబర్ ఒకటి సంపాదించి ఆఫీసుకి ఫోన్ చేసి ఈ పేరుగలాయన మీ దగ్గర పని చేస్తున్నారా అని అడగడం.

వెబ్‌సైట్ డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో ఐకాన్ (ICANN) లుకప్ అనే సైట్‌లో కొట్టి చూడండి. "ఇరవై ఏళ్ళ అనుభవం" అని రాసి డొమైన్ నాలుగు నెలల క్రితందైతే సంజాయిషీ అడగాల్సిందే. వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో 1996 నుంచి దాచిన పాత పేజీలు ఉంటాయి, అదే అడ్రస్‌లో ఇదివరకు ఏముండేదో బయటపడుతుంది. ఇంకోటి, ఐఎస్ఓ సంస్థ తనంతట తాను ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ఇచ్చేవి వేరే సర్టిఫికేషన్ సంస్థలు, కాబట్టి కాగితం మీద ఏ సంస్థ పేరుందో వాళ్ళ సైట్‌లో నంబర్ కొట్టి చూసుకోవాలి. ఐఎస్ఓనే ఇచ్చిందని రాసుంటే అది దొంగదే, ఇక చూడక్కర్లేదు.

బ్యాంక్ అకౌంట్ ఎవరి పేరు మీద, ఏ దేశంలో ఉందో అడిగారా? నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే.

ఇంకో జవాబు:
నేను దెబ్బ తిన్నది కొత్తవాడి దగ్గర కాదు బ్రో, రెండేళ్ళు సవ్యంగా సరుకు పంపినవాడి దగ్గర. ఆయన మెయిల్ ఎవడో హ్యాక్ చేసి మా మాటలన్నీ చదువుతూ కూర్చుని సరిగ్గా ఇన్‌వాయిస్ టైమ్‌కి "మా అకౌంట్ ఆడిట్‌లో ఉంది, ఈ కొత్త అకౌంట్‌కి వెయ్యండి" అని పెట్టాడు. మెయిల్ అడ్రస్‌లో ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి, ఫోన్ స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మూడో రోజు బ్యాంకుకి పరిగెత్తా, అప్పటికే డబ్బు వేరే చోటికి దాటిపోయింది. మన తెలివితక్కువే అనుకున్నా కానీ 2013 నుంచి 2015 మధ్య లిథువేనియాకి చెందిన రిమసౌస్కాస్ అనేవాడు క్వాంటా కంప్యూటర్ అనే నిజమైన సప్లయర్ పేరుతో దొంగ ఇన్‌వాయిస్‌లు పంపి గూగుల్, ఫేస్‌బుక్ నుంచే 10 కోట్ల డాలర్ల పైన లాగాడు, 2019లో 5 ఏళ్ళ జైలు పడింది. అప్పటినుంచి నాదొకటే రూలు, అకౌంట్ నంబర్ ఒక్క అంకె మారినా పాత నంబర్‌కి ఫోన్ చేసి గొంతు వినకుండా పైసా కదిలించను. మెయిల్ కిందున్న నంబర్‌కి చేయొద్దు, అది కూడా వాడిదే అయ్యుంటుంది.

అడిగినవారు:
వీడియో కాల్ చేస్తే సరిపోదా అన్నా? మనిషి మొహం చూస్తాం కదా.

జవాబు:
మొహం చూసి నమ్మే రోజులు పోయాయి. 2024లో హాంకాంగ్‌లో అరప్ అనే ఇంజనీరింగ్ కంపెనీ ఉద్యోగి వీడియో కాల్‌లో తన పైఅధికారుల్ని చూశాననుకుని దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు, కాల్‌లో కనిపించినవాళ్ళంతా డీప్‌ఫేక్, అంటే ఏఐతో తయారుచేసిన దొంగ మొహాలు. కాల్ చేయండి, కానీ ముందే చెప్పకుండా ఫోన్ పట్టుకుని షెడ్డులోకి నడవమనండి, మెషీన్ మీద నేమ్‌ప్లేట్ దగ్గరగా చూపించమనండి. అది కూడా సగమే. మిగతా సగం థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్, ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్ లాంటి తనిఖీ కంపెనీల వాళ్ళు సరుకు బయల్దేరే ముందు వెళ్ళి చూసి రిపోర్ట్ ఇస్తారు. ఫీజు మీరే కట్టండి, ఆయన మాట్లాడిపెట్టిన ఇన్‌స్పెక్టర్ వద్దు. ఎస్క్రో (సరుకు అందేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంచడం) కూడా అంతే, ఆయన పంపిన ఎస్క్రో సైట్ లింకు ఆయన సొంతదే అయి ఉండొచ్చు.

ఇంకో జవాబు:
ఎవరో ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, కాగితాలు సరిగ్గా ఉంటే అమ్మినవాడికి డబ్బిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ) తెరవమంటారు, ముందే చెప్తున్నా, ఎల్‌సీలో బ్యాంకు చూసేది కాగితాలే. ఎల్‌సీలకి బ్యాంకులు పాటించే యూసీపీ 600 రూల్స్‌లోనే ఉంది, బ్యాంకుకి సంబంధం డాక్యుమెంట్లతోనే, సరుకుతో కాదు. కాగితాలు కుదిరి పెట్టెలో ఇటుకలున్నా డబ్బు వెళ్ళిపోతుంది. కావలసిన డాక్యుమెంట్లలో ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ కూడా పెడితేనే ఎల్‌సీకి బలం.

ఇంకో జవాబు:
తమ్ముడూ, నేను అవతలి వైపు, అంటే అమ్మేదాన్ని. ఇక్కడ అందరూ ఆయన్ని ఎలా పట్టుకోవాలో చెప్తున్నారు కానీ ఆయన కూడా నిన్ను అలాగే చూస్తుంటాడు. ఫ్రీ మెయిల్ ఐడీ నుంచి "బెస్ట్ ప్రైస్ చెప్పండి" అని ఒక్క ముక్క రాసేవాళ్ళకి మేం జవాబు కూడా సరిగ్గా రాయం. నీ రిజిస్ట్రేషన్ నంబర్, కంపెనీ మెయిల్, నిమిషానికి ఎన్ని ప్యాకెట్లు కావాలో, వోల్టేజ్ ఎంతో, అవన్నీ రాసి పంపు. ఫోన్‌లో అనుకున్నది ఆ సాయంత్రమే మెయిల్‌లో పెట్టు, రేపు గొడవొస్తే పనికొచ్చేది అదే. ఎఫ్ఓబీ (సరుకు ఓడకెక్కించేవరకు ఖర్చు అమ్మేవాడిది) అన్నావంటే ఏ పోర్టో, ఇలాంటి మాటలకి అర్థం చెప్పే అంతర్జాతీయ రూల్స్ ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రకారమో కాదో కూడా రాయించు. ముందు స్పేర్ పార్ట్స్ చిన్న ఆర్డర్ ఇచ్చి చూడు. చిన్నది బుద్ధిగా పంపి పెద్దదానికి ముంచినవాళ్ళూ ఉన్నారు, అందుకే రెండో ఆర్డర్‌కి ఇన్‌స్పెక్షన్ మానెయ్యకు.

అడిగినవారు (వారం తర్వాత):
అందరికీ థాంక్స్. రిజిస్ట్రీలో కంపెనీ ఉంది, అందులో ఉన్న అడ్రస్ పట్టుకుని నంబర్ సంపాదించి ఫోన్ చేశా, ఆయన అక్కడే పనిచేస్తున్నాడు. కానీ అది ఫ్యాక్టరీ కాదు, ట్రేడింగ్ కంపెనీ. వీడియోలో ఉన్న షెడ్డు వేరేవాళ్ళదట, అడిగితే ఒప్పుకున్నాడు, ముందు ఎందుకు చెప్పలేదంటే మీరు అడగలేదుగా అన్నాడు. అకౌంట్ మాత్రం కంపెనీ పేరు మీదే, అదే దేశంలో. ఇన్‌స్పెక్షన్‌కి సరే అన్నాడు, ఫ్యాక్టరీ పేరు మాత్రం చెప్పనంటున్నాడు. పేరు చెప్పకపోతే అడ్వాన్స్ లేదని చెప్పేశా.

జవాబు:
పేరు చెప్పకపోవడం మోసమే అనుకోకండి, మీరు నేరుగా ఫ్యాక్టరీకి వెళ్ళిపోతారని ట్రేడర్ల భయం. పేరు వదిలేసి ఇన్‌స్పెక్షన్ ఏ అడ్రస్‌లో జరుగుతుందో అడగండి, ఇన్‌స్పెక్టర్ వెళ్ళాలంటే అది ఎలాగూ చెప్పాలి. అడ్వాన్స్ పంపకముందే ఆ అడ్రస్ కాంట్రాక్ట్‌లో రాయించండి. అది కూడా రాయనంటే ఇంకో సప్లయర్‌ని చూసుకోండి.