మిరెనా వేయించుకున్న నాలుగేళ్లకు కొత్త లక్షణాలు: అన్నీ లూప్ వల్లేనా?

ప్రశ్న: గోరింట, హనుమకొండ

నమస్కారం. నా వయసు 43 సంవత్సరాలు. నెలసరిలో పది రోజులు గడ్డలు గడ్డలుగా రక్తస్రావమై హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయినప్పుడు, ఇంట్లో అందరూ గర్భసంచి తీయించేసుకోమన్నా వినకుండా, డాక్టరు గారి సలహాతో నాలుగేళ్ల క్రితం మిరెనా (గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్) వేయించుకున్నాను. మొదటి నాలుగు నెలలు మరకలు కనిపిస్తూ విసిగించినా, ఆ తర్వాత నెలసరి పూర్తిగా ఆగిపోయి హిమోగ్లోబిన్ 12 దాటింది. అలాంటిది, రెండు నెలలుగా కూర్చున్నచోటే గుండె దడ వస్తోంది, రాత్రిళ్లు జాకెట్టు తడిసేంతగా చెమట పోస్తోంది, దువ్వితే దువ్వెన నిండా జుట్టే. వీటికి తోడు ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి మొదలైంది. పోయిన వారం, మూడేళ్ల తర్వాత మళ్లీ మరక కనిపించింది. దగ్గరలోని క్లినిక్‌లో రెండు నిమిషాలు విని, పరీక్షించకుండానే "అన్నీ లూప్ వల్లే, తీసేద్దాం" అన్నారు. తీయిస్తే పాత రక్తస్రావం తిరగబెడుతుందని నా భయం. ఏం చేయాలి?

సమాధానం: గోదారమ్మాయి, కాకినాడ

చెల్లీ, నాకు మూడో ఏట ఇలాగే మరక మొదలైతే స్కానింగ్‌లో లూప్ గర్భసంచి ముఖద్వారంలోకి జారినట్టు తేలింది, దాన్ని తీసి కొత్తది వేశారు. లూప్‌కు వేలాడే దారం చేతికి తగులుతోందో లేదో ముందు చూసుకోండి. తగలకపోయినా, మునుపటికంటే పొడవుగా అనిపించినా స్కానింగ్ చేయించుకోవలసిందే.

సమాధానం: విశ్రాంత స్టాఫ్ నర్సు, ప్రసూతి విభాగం

అమ్మా, ముందు ఇంట్లోనే గర్భనిర్ధారణ పరీక్ష చేసుకోండి. మిరెనా ఉండగా గర్భం రావడం చాలా అరుదే గాని, వస్తే అది గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ. ఒకవైపు నొప్పి, మరక కలిసి కనిపిస్తే ఆ అనుమానమే ముందు తీరాలి. నొప్పి ఒక్కసారిగా ఎక్కువై కళ్లు తిరిగినా, జ్వరంతో పాటు దుర్వాసన గల తెలుపు అవుతున్నా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మీ లక్షణాలన్నిటినీ ఒకే గంపలో వేయకండి. మిరెనాలో ఉండే 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ మొదట్లో రోజుకు 20 మైక్రోగ్రాముల చొప్పున విడుదలై, క్రమంగా తగ్గుతూ పోతుంది. అది ప్రధానంగా గర్భసంచి లోపలి పొరను పలుచబరుస్తుంది; చాలామందిలో అండం విడుదల మామూలుగానే సాగుతుంది కాబట్టి అండాశయంలో నీటిబుడగలు రావడం ఉంది, అవి ఎక్కువగా రెండు మూడు నెలల్లో వాటంతటవే కరుగుతాయి. తలనొప్పి, మొటిమలు, రొమ్ముల సలపరం వంటివి చాలావరకు మొదటి నెలల్లోనే కనిపిస్తాయి. నాలుగేళ్లు హాయిగా గడిచాక వచ్చిన దడను, చెమటను లూప్ ఖాతాలో రాసేసే ముందు థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ, హిమోగ్లోబిన్ చూడాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి చెప్పి, రక్తం ఇవ్వడానికి కొన్ని రోజుల ముందే ఆపండి. అవి కొన్ని ల్యాబు పరీక్షల్లో టీఎస్‌హెచ్‌ను (థైరాయిడ్ అతిగా పనిచేస్తే తగ్గే హార్మోన్) ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. మీ వయసులో నెలసరి నిలిచిపోయే దశకూ ఇవే లక్షణాలు ఉంటాయి, కాని లూప్ వల్ల నెలసరి ముందే ఆగింది కనుక తేదీలను బట్టి పోల్చుకోలేరు.

గర్భసంచి తీయించుకోనందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ ఆపరేషన్లలో దేశానికి ముందున్నవి మన రెండు రాష్ట్రాలే.

గోరింట, హనుమకొండ (పన్నెండు రోజుల తర్వాత)

అక్కా, అమ్మా, ఇద్దరికీ ధన్యవాదాలు. గర్భం లేదని తేలింది. మరో డాక్టరు గారు స్కానింగ్ చేయిస్తే లూప్ దాని చోటే ఉంది, లోపలి పొర పలుచగానే ఉంది. ఎడమ అండాశయంలో మాత్రం 3.2 సెంటీమీటర్ల నీటిబుడగ కనిపించింది. అది మామూలు బుడగలాగే ఉందనీ, రెండు నెలల తర్వాత మళ్లీ స్కానింగ్ చేద్దామనీ, మరక తిరిగి కనిపిస్తే వెంటనే రమ్మనీ చెప్పారు. నిజంగానే బయోటిన్ వాడుతున్నాను! అది ఆపి, నాలుగు రోజులు ఆగి రక్తమిచ్చినా టీఎస్‌హెచ్ బాగా తక్కువగా, 0.02 వచ్చింది. లూప్‌ను అలాగే ఉంచి, సోమవారం థైరాయిడ్ డాక్టరు దగ్గరకు వెళ్తున్నాను.